కంపెనీ పీసు

నేను చేసిన ఒక పిన్ను విరిగి ఒకావిడ మోకాలు పోయింది. చిటికెన వేలంత కూడా ఉండదు ఆ పిన్ను. మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి చెప్పాల్సిన రోజున చెప్పకుండా నలభై రోజులు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. మళ్ళీ ఆ పని చేయదలుచుకోలేదు.

ఇప్పుడు మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్టులు బాగుచేస్తున్నాను. అంతకు ముందు పదకొండు చలికాలాలు విక్టోరియా కొండల మీద ఒక మంచు రిసార్టులో స్నోమొబైళ్ళ మెకానిక్కుని. మేముండే శివారు టార్నీట్‌లో మావాళ్ళ పుట్టినరోజు పార్టీల్లో ఈ ముక్క చెబితే చాలు, బిర్యానీ కలుపుతున్న చేతులు ఆగిపోయేవి. "ఆస్ట్రేలియాలో మంచేంటి బ్రో?" అనేవాడొకడు. "అంటే మీరు ఐటీ కాదా?" అనేవాడింకొకడు, నాకేదో జబ్బు చేసినట్టు మొహం పెట్టి. బీటెక్ మెకానికల్ చదివి, వీసా పాయింట్లు లెక్కబెట్టుకుని, సముద్రాలు దాటి వచ్చి, చివరికి చేతులకి గ్రీజు పూసుకోవడమేమిటని వాళ్ళ బాధ. నాకు ఒళ్ళు మండేది. అయినా ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ముందు మంచు మీద జారే రెండు స్కీలు, వెనక యుద్ధ ట్యాంకుకి ఉన్నట్టు ఒక రబ్బరు పట్టా, పైన మోటారుసైకిలు మీద కూర్చున్నట్టు కూర్చోవడం, అదే స్నోమొబైల్ అని. కొండ మీద కాలు విరిగి పడ్డవాణ్ణి కిందకి తేవాలన్నా, తాడు మీద నడిచే స్కీ లిఫ్టు స్తంభం దగ్గరికి సామాను చేర్చాలన్నా ఆ బండే దిక్కు అని. వాళ్ళు సగం విని, గులాబ్‌జాములు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ వెళ్ళిపోయేవాళ్ళు.

మా నాన్నకి ఆటోనగర్‌లో లేతు షాపు ఉండేది. ఆటోలు, పవర్ టిల్లర్లు, లారీలు, ఏ బండిలో ఏది విరిగినా ఆయన దగ్గరికి వచ్చేది. "స్పేరు దొరకదు" అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆ మాట అన్నవాడు మెకానిక్కే కాదని ఆయన లెక్క. ఆయనకో సరదా ఉండేది. నాలుగు కంపెనీ పీసుల్లో తను చేసినది ఒకటి కలిపి, బల్ల మీద వరసగా పరిచి, బండి తెచ్చినవాణ్ణి పిలిచి "ఇందులో మనదేదో చెప్పు" అనేవాడు. వాడు తిప్పి తిప్పి చూసి తప్పు చెబితే నాన్న ఏమీ అనేవాడు కాదు. తాపీగా బీడీ వెలిగించుకునేవాడు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ తిట్లు ఉండేవి కావు. ఆయన పోయి చాలాకాలమైంది. షాపు లేదు, లేతు పాత ఇనుము కింద పోయింది. ఆ సరదా మాత్రం నా ఒంట్లో ఉండిపోయింది.

రిసార్టులో మా షెడ్డు ఫోర్‌మన్ కింద లోయలో పాలరైతు కొడుకు. ఇరవై ఏళ్ళప్పుడు ఆ షెడ్డులో చేరి, జుట్టు తెల్లబడేదాకా అక్కడే ఉన్నాడు. మాట తక్కువ. నన్ను చేర్చుకున్న రోజున ఒక కార్బురేటర్ చేతికిచ్చి, విప్పి మళ్ళీ బిగించమని, పక్కన నిలబడి తన టీ తను తాగాడు. నేను బిగించాక "సోమవారం రా మేట్" అన్నాడు. అంతే ఇంటర్వ్యూ.

స్నోమొబైళ్ళ చరిత్ర అంతా ఆ షెడ్డులోనే ఉండేది. గోడ మీద పాత బండ్ల పేరు పలకలు మేకులు కొట్టి పెట్టాడు ఫోర్‌మన్. వాటిలో సగం పేర్లు ఇప్పుడెవరికీ తెలియవు. "నేను చేరిన కొత్తలో ప్రతివాడూ స్నోమొబైల్ చేసేవాడు. ట్రాక్టర్లు చేసేవాడు చేశాడు, పడవలు చేసేవాడు చేశాడు, గడ్డి కోసే మిషన్లు చేసేవాడూ చేశాడు," అనేవాడు. పెట్రోలు ధర పెరిగింది, రెండు మూడు చలికాలాలు మంచు సరిగ్గా పడలేదు, ఒక్కొక్కడే చాప చుట్టేశాడు. మిగిలినవాళ్ళు పోయినవాళ్ళని కొనేశారు. కొన్నవాళ్ళలో మళ్ళీ కొందరు పోయారు. నేను చేరే నాటికి ప్రపంచం మొత్తం మీద ఈ బండ్లు చేసేవాళ్ళని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు.

బండ్లూ మారిపోయాయి. షెడ్డులో వెనక వరసలో ఉండేవి రెండు స్ట్రోకుల పాతవి. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి, నీలం పొగ కక్కుతాయి, చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి. కానీ తాడు పట్టి లాగితే లేస్తాయి, ఒక స్క్రూడ్రైవరుతో దారికొస్తాయి. వాటి ముందు వరసలో నీళ్ళతో చల్లబడే ఇంజన్లు, తర్వాత ఫ్యూయల్ ఇంజెక్షనువి, తర్వాత నాలుగు స్ట్రోకులవి. అవి పొగ రానివి, మెత్తగా నడిచేవి, బరువు మాత్రం గేదెంత. అన్నిటికన్నా ముందు స్క్రీన్లున్నవి. వాటికి ఏం జబ్బు చేసిందో తెలియాలంటే ల్యాప్‌టాపు తగిలించాలి, దానికో కేబులు, కేబులుకో పాస్‌వర్డు. చిన్న సెన్సరు ఒకటి తప్పు చూపిస్తే చాలు, బండి తనకి తానే వేగం తగ్గించేసుకుని నడకలోకి దిగిపోతుంది. తుపానులో, కొండ చివర, ఎవరి ప్రాణం కోసం వెళ్తున్నా సరే. ఒక ఏడాది రిసార్టు వాళ్ళు మోజుపడి రెండు బ్యాటరీ బండ్లు కొన్నారు. పాపం చప్పుడే లేదు వాటికి. రెండో చలికాలానికి వాటిని చేసిన కంపెనీ చేతులెత్తేసింది, మా రెండూ టార్పాలిను కిందికి పోయాయి.

ఇంకో తంటా కూడా ఉంది. ఈ బండ్లన్నీ ఉత్తరాన, మంచు దేశాల్లో తయారవుతాయి. ఇప్పుడు అక్కడ ముందే ఆర్డరు తీసుకుని, ఆర్డరిచ్చినన్నే చేస్తున్నారు. స్టాకు పెట్టుకోవడమనేది మానేశారు. మాకు జూలైలో నడి చలికాలం, వాళ్ళకి అప్పుడు ఎండాకాలం సెలవులు. మేము ఇక్కడ తెగిన బెల్టు పట్టుకుని ఫోన్ చేస్తే అక్కడ రికార్డు మాట్లాడేది. మంచు కూడా ఏటికేడాది తగ్గుతోంది. ఫిరంగుల్లాంటి యంత్రాలతో చల్లిన మంచు మీద, రెండు పక్కలా బురద కనబడుతుండగా, మేము ఆ బండ్లు నడిపేవాళ్ళం. పోతున్న ఇంట్లో పని చేస్తున్నామని మా అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

ఇక ఆవిడ గురించి. ఆవిడ స్కీ పెట్రోల్‌లో పనిచేసేది. అంటే కొండ మీద దెబ్బతిన్నవాళ్ళని వెతికి కిందికి తెచ్చే దళం. నలభై దాటిన మనిషి, పదహారు చలికాలాలుగా అదే పని. పొద్దున్నే బండి తీసుకోవడానికి మా షెడ్డుకి వచ్చేది. నేను అల్లం దంచి టీ పెట్టుకునేవాణ్ణి, మొదటి రోజు ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. పదో రోజుకి తన మగ్గు తనే తెచ్చుకుంది. దెబ్బతిన్నవాళ్ళని పడుకోబెట్టే స్లెడ్జిని లాగడానికి ఆవిడకి వెనక వరసలోని ఒక పాత రెండు స్ట్రోకుల బండే కావాలి. స్క్రీన్లున్న బండి ఒకసారి ఆవిణ్ణి గుండెపోటు వచ్చిన మనిషితో సహా సగం దారిలో నిలబెట్టేసింది. అప్పట్నించీ దాన్ని ముట్టుకోలేదు. "ఇది మాత్రం నన్నెప్పుడూ మోసం చేయలేదు," అనేది ఆ పాత బండి సీటు మీద అరచేత్తో చరిచి.

ఆ పాత బండి చేసిన కంపెనీ ఒకనాడు ఇక స్నోమొబైళ్ళు చేయబోమని ప్రకటించింది. వాళ్ళకి ఇంకా పెద్ద వ్యాపారాలున్నాయి, వీటి వల్ల వచ్చేదేమీ లేదు. దిగుమతి చేసే ఏజెంటు దుకాణం మూసేశాడు. సరిగ్గా ఆ మరుసటి చలికాలమే ఆ బండి క్లచ్చులో చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే మూడు పిన్నులూ అరిగిపోయాయి.

ఆ క్లచ్చు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇంజను వేగం పెరిగినప్పుడు అందులో మూడు ఉక్కు వెయిట్లు బయటికి తెరుచుకుని బెల్టుని నొక్కుతాయి. ఒక్కో వెయిటు ఒక్కో పిన్ను మీద వేలాడుతూ ఉంటుంది. అదంతా నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, నడిపేవాళ్ళ ఎడమ మోకాలికి జానెడు దూరంలో. మధ్యలో ఒక పల్చటి గార్డు, దాని మీద ప్లాస్టిక్ తలుపు. అంతే.

పిన్నులు ఎక్కడా దొరకలేదు. ఫోర్‌మన్ నాలుగు చోట్లకి ఫోన్ చేసి, చేతులు తుడుచుకుని, "పక్కన పెట్టేయ్. స్పేరు దొరకదు," అన్నాడు.

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆ వారాంతం టార్నీట్ వెళ్ళి, కారు షెడ్డులో నేను కొనిపెట్టుకున్న చిన్న లేతు మీద మూడు పిన్నులు చేశాను. మంచి ఉక్కు కడ్డీ తెచ్చాను. కొలతలు వెంట్రుకవాసి కూడా తేడా రానివ్వలేదు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. అలా ముంచిన ఉక్కు గట్టిగా ఉంటుంది కానీ పెళుసుగా ఉంటుంది. ఆ పెళుసు పోవడానికి మళ్ళీ కొంచెం వేడి చేయాలి. నాన్న దీన్ని ఇనప మూకుట్లో ఇసక పోసి, రంగు చూసి చేసేవాడు. పిన్ను మీద ఎండుగడ్డి రంగు రాగానే తీసేసేవాడు. నేనూ మా ఆవిడ పాత మూకుడు తీసుకుని, ఇసక పోసి, గడ్డి రంగు రాగానే తీసేశాను. మా ఆవిడ చూసి "అండ్ల పూరీలు చేస్త నేను, ఇసుక పోసినవా?" అని అరిచింది. ఇద్దరం నవ్వుకున్నాం. అంత హాయిగా నేను పని చేసి ఎన్నేళ్ళయిందో.

సోమవారం కొండెక్కాక నేను చేసిన పని ఇది. సొరుగులో ఆ కంపెనీది పాత ఖాళీ ప్యాకెట్టు ఒకటి ఉంటే, నా మూడు పిన్నులూ అందులో వేసి ఫోర్‌మన్ ముందు బల్ల మీద పెట్టాను. మోసం చేద్దామని కాదు. ఆయన తిప్పి చూసి "ఎక్కడ దొరికాయి?" అంటే, అప్పుడు "మీరే చెప్పండి, ఇవి ఎవరివి?" అందామని. మా నాన్న ఆట ఆడదామని. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, వెలుగుకి పట్టుకుని, ఒక్కొక్కటీ చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "పాత స్టాకా? నువ్వు గట్టివాడివి మేట్!" అని నా భుజం తట్టాడు. పదకొండు చలికాలాల్లో ఆయన నన్ను తట్టింది ఆ ఒక్కసారే. ఈ ఒక్క రోజూ ఉండనీ, రేపు చెబుదాం అనుకున్నాను. ఆయన అప్పుడే పని పుస్తకం తెరిచి "కంపెనీ పిన్నులు, పాత స్టాకు" అని రాసి సంతకం పెట్టేశాడు. రేపటికి చెబితే సంతకం కొట్టేయాలి, ఎందుకు దాచావంటాడు. ఎల్లుండికి అది ఇంకా కష్టమైంది. వారం తర్వాత నేనే మర్చిపోయాను.

రెండు చలికాలాలు బండి నిక్షేపంగా నడిచింది. ఆవిడ ప్రతి పొద్దునా టీ తాగి, ఒక్క లాగుతో స్టార్టు చేసి, చెయ్యి ఊపి వెళ్ళేది. బండి శబ్దం కొండ మలుపు దాటేదాకా నేను గుమ్మంలో నిలబడి వినేవాణ్ణి. నాకు గర్వంగా ఉండేది. దాచడమెందుకు.

మూడో ఏడు ఆగస్టులో ఒక రోజు విపరీతమైన చలి పట్టింది. మైనస్ తొమ్మిది. మా కొండల్లో అది ఎక్కువే. ఆకాశం మాత్రం కడిగిన పళ్ళెంలా ఉంది. మధ్యాహ్నం పై వాలులో ఎవరో పడ్డారని కబురొస్తే ఆవిడ స్లెడ్జి తగిలించుకుని వెళ్ళింది. పది నిమిషాలకి రేడియోలో వేరే గొంతు వినిపించింది. పేలినట్టు చప్పుడైందని, పెట్రోల్ దళం మనిషే పడిపోయిందని, నెత్తురు ఆగడం లేదని. హెలికాప్టరు వచ్చి ఆవిణ్ణి తీసుకుపోయింది. బండిని తాళ్ళు కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టాం. సీటు మీద, ఎడమ కాలు పెట్టే పలక మీద నెత్తురు గడ్డకట్టి ఉంది. గార్డు చీలిపోయింది, ప్లాస్టిక్ తలుపులో పిడికిలంత కన్నం. వెయిటు ఒకటి లేదు, ఆ కన్నంలోంచే మోకాలిలోకి దూసుకుపోయింది.

ఫోర్‌మన్ ఫోన్లో ఉండగా నేనొక్కణ్ణే క్లచ్చు విప్పాను. ఒక పిన్ను రెండు ముక్కలై ఉంది. విరిగిన చోట చూశాను. వాడి వాడి అలిసిపోయి విరిగిన ఉక్కు వేరేగా ఉంటుంది, గీతలు గీతలుగా. ఇది పటికబెల్లం పలుకు విరిచినట్టు, మెరుస్తూ, గింజలు గింజలుగా ఉంది. పెళుసెక్కి ఒక్కసారిగా పుటుక్కుమంది. గడ్డి రంగు దగ్గర ఆపేశాను నేను. ఇంకాసేపు ఉంచి, నీలం తిరిగేదాకా కాల్చి ఉంటే మెత్తబడి తట్టుకునేది. మా నాన్న ఎండాకాలం నలభై అయిదు డిగ్రీల్లో నడిచే ఆటోలకి పిన్నులు చేసినవాడు. ఆయనకి మంచంటే సోడా బండి మీద ఐసుగడ్డ. చలికి ఉక్కు బుద్ధి మారుతుందని ఆయనకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. నాకు తెలుసు. బీటెక్ మూడో ఏట పరీక్షలో ఆ ప్రశ్నకి బొమ్మతో సహా జవాబు రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. విరిగిన ముక్క చేతిలో పట్టుకుని ఆ నెత్తురు బండి పక్కనే కూర్చున్నాను.

బీమా తరఫున ఒక ఇంజనీరు వచ్చాడు. పుస్తకం చూశాడు, కంపెనీ పిన్నులని రాసి ఉంది. మిగతా రెండు పిన్నులూ కొలిచాడు, సరిగ్గా ఉన్నాయి. కంపెనీ ఈ బండ్లు చేయడమే మానేసింది, ఏజెంటు లేడు, అడగడానికి ఎవరూ లేరు. "పాత బండి, పాత పీసు, చలికి పెళుసెక్కింది," అని రాసుకుని వెళ్ళిపోయాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ వారం ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. వంట గట్టు తుడవడం పూర్తిచేసింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "ఇన్స్‌పెక్షన్ అయిపోయింది కదా. వాళ్ళే కంపెనీ ఫాల్ట్ అని రాసిన్రు. ఇగ నువ్వెందుకు నడిమిట్ల పోయి పడుడు? ఆ కంపెనీ ఆ బండ్లు బంద్ చేసింది. లేనోని మీదికి పోతే ఎవలకేం నష్టం? పాప ఇయర్ టెన్‌ల ఉన్నది, ఒక్కసారి ఆలోచించు." ఆమెని తప్పు పట్టను. నేను వినాలనుకున్నదే ఆమె అంది.

కానీ ఊరికే ఉండలేకపోయాను. మోకాలు దెబ్బతిన్నావిడ ఉన్న ఆసుపత్రి మెల్‌బోర్న్‌లోనే. శని, ఆదివారాలు కొండ దిగి వెళ్ళేవాణ్ణి. ఫ్లాస్కులో అల్లం టీ పట్టుకెళ్ళేవాణ్ణి. ఆవిడకి దగ్గరివాళ్ళు పెద్దగా ఎవరూ లేరు, ఒక అక్క ఉంది, దేశానికి అవతలి అంచున పెర్త్‌లో. మోకాలికి మూడుసార్లు ఆపరేషన్ చేశారు. కాలు ఉంటుందిగానీ ఇక మడవదన్నారు. అంటే స్కీయింగ్ లేదు, పెట్రోల్ దళం లేదు, కొండ లేదు. ఆ మాట డాక్టరు చెప్పిన రోజున నేను మంచం పక్కన కుర్చీలోనే ఉన్నాను. ఆవిడ ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుంది. "నువ్వొక్కడివే వస్తున్నావు," అంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. నర్సు వచ్చింది. నర్సు వెళ్ళిపోయాక కూడా చెప్పలేదు.

సెప్టెంబరు చివర, సీజను ముగిసే రోజుల్లో, ఆవిడ చంకకర్రల మీద మా షెడ్డుకి వచ్చింది. మంచు కరిగి అంతా కంకర, బురద. లోపలికి వచ్చి నా స్టూలు మీద కూర్చుని సంచిలోంచి కాగితాలు తీసింది. కంపెనీకి రాసిన ఉత్తరాలు. వాళ్ళ జవాబు ఒకటే పేరా, "ఆ ఉత్పత్తి విభాగాన్ని మూసివేశాము" అని. ఆవిడ మొహంలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. ఆ కోపమే ఆవిణ్ణి మంచం మీదనుంచి లేపిందని అర్థమైంది.

"వాళ్ళు బండ్లు అమ్ముకున్నారు, డబ్బు చేసుకున్నారు, విసుగొచ్చి వెళ్ళిపోయారు. జనం ఇంకా వాటి మీద తిరుగుతున్నారన్న ధ్యాస కూడా లేదు వాళ్ళకి. నాకు పరిహారం వద్దు. ఎందుకు విరిగిందో ఒప్పుకుంటే చాలు," అంది. "నీకు ఉక్కు గురించి తెలుసు. ఆ పిన్ను ఎందుకు విరిగిందో వాళ్ళు కాదనలేనట్టు రాసిపెట్టు. నేను సంతకం చేసి పంపుతాను."

ఒక్క రోజు టైమివ్వమన్నాను.

ముందు ఫోర్‌మన్‌కి చెప్పాను. ఆయన సంతకం పని పుస్తకంలో ఉంది కాబట్టి. అంతా విని, మిగిలిన రెండు పిన్నులూ డబ్బాలోంచి తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, మళ్ళీ వెలుగుకి పట్టాడు.

"నలభై ఏళ్ళకి పైగా ఇవే చూస్తున్నాను," అన్నాడు. "ఇప్పుడు కూడా తేడా తెలియడం లేదు."

మా నాన్న బతుకంతా ఎదురుచూసిన మాట అది. ఫోర్‌మన్ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నాచేత సంతకం పెట్టించావు," అని మాత్రం అన్నాడు, పుస్తకం చంకలో పెట్టుకుని మేనేజరు గదికి నడిచాడు. ఆ చలికాలమే ఆయనకి ఆఖరిదైంది. వీడ్కోలు పార్టీ చేస్తామంటే వద్దన్నాడట.

మర్నాడు పొద్దున ఆవిడ వచ్చింది. నేను ఏ ఉత్తరమూ రాయలేదు. టీ పెట్టలేదు. నిలబడే చెప్పాను, మొదటినించీ, లేతు, మూకుడు, ప్యాకెట్టు, సంతకం, గింజలు గింజలుగా విరిగిన ఉక్కు, అన్నీ. "తప్పు నాది. కంపెనీది కాదు. నన్ను క్షమించమని అడిగే హక్కు కూడా లేదు," అన్నాను.

ఆవిడ ఆ కంపెనీ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"పిన్ను ఎప్పుడు చూశావు? విరిగిన తర్వాత?"

"ఆ రోజే. మిమ్మల్ని తీసుకెళ్ళిన గంటకి."

"అంటే ఆసుపత్రికి వచ్చినప్పుడు..."

"తెలుసు."

"వచ్చిన ప్రతిసారీ?"

"ప్రతిసారీ."

"డాక్టరు వచ్చిన రోజు? నీ చెయ్యి పట్టుకున్నాను, ఆ రోజు?"

తలూపాను.

"పిన్ను సంగతి సరే," అంది ఆవిడ, అరవకుండా, అలసటగా. "నువ్వు మంచి అనుకునే చేశావు. దానికి నీ మీద కోపం తెచ్చుకోవాలన్నా నాకు రావడం లేదు. కానీ ఆ నలభై రోజులూ నాకంటూ ఒక్కడైనా ఉన్నాడనుకున్నాను. ఆ ఒక్కణ్ణీ కూడా ఇప్పుడు తీసేసుకున్నావు."

చంకకర్రలు అందుకుంది. ఒకటి జారి కింద పడింది. నేను వంగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. బిగుసుకుపోయిన కాలు పక్కకి చాపి, స్టూలు అంచు పట్టుకుని, తనే వంగి తీసుకోవడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. అంతసేపూ నేను చేతులు కట్టుకుని నిలబడి చూశాను. తర్వాత ఆవిడ తలుపు తోసుకుని కంకర మీదికి దిగి, వెనక్కి చూడకుండా కారు దాకా నడిచి వెళ్ళిపోయింది.